ఏ గడి నుంచి మొదలుపెట్టాలో అడగండి

ప్రోగ్రాములు రాసే తెలుగు ఇంజనీర్లకు తిరుత్తణి నుంచి బహిరంగ లేఖ



హైదరాబాదులోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో, సముద్రాలు దాటి ఇంకెక్కడో కూర్చుని మీరు రాసే ప్రోగ్రాముల్లో ఏదో ఒక మూల 'లేబుళ్ళు ప్రింట్ చెయ్యి' అనే బటన్ ఉంటుంది. ఆసుపత్రి ప్రోగ్రాములో ఉంటుంది, బడి ప్రోగ్రాములో ఉంటుంది, గ్రంథాలయానికి రాసినదాంట్లో, పత్రిక చందాదారుల జాబితాలో, బట్టల కొట్టు లెక్కల్లో ఉంటుంది. ఆ బటన్ నొక్కగానే మీ ప్రోగ్రాము మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగాలి. ఈ షీటులో ఏ గడి నుంచి మొదలుపెట్టమంటారు? ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం.

నేను తిరుత్తణిలో డి.టి.పి. పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి. కొండ మీద స్వామి, కింద బస్టాండు, రైల్వే స్టేషను, ఈ మధ్యలో మాలాంటి చిన్న షాపులు. పెళ్ళిపత్రికల కవర్ల మీద అతికించే చిరునామాలు, పరీక్షల రోజుల్లో బల్లల మీద అంటించే నంబర్లు, రక్తపరీక్షల ల్యాబుకు సీసాల మీద పేర్లు, పళ్ళిపట్టు వైపు నుంచి వచ్చే నేతవాళ్ళకు పార్సిళ్ళ మీద లేబుళ్ళు. అన్నీ ఐదు, పది, పదిహేను లేబుళ్ళ పనులు. వంద లేబుళ్ళు ఒకేసారి కావాలనేవాళ్ళు తిరువళ్ళూరులోని పెద్ద ప్రెస్సుకు పోతారు, లేదంటే పొద్దున్న లోకల్ రైలెక్కి చెన్నై వెళ్ళి చేయించుకొస్తారు. మా దగ్గర మిగిలేది చిల్లర పని. ఆ చిల్లర పని మీదే ఇక్కడి చిన్న సంస్థలన్నీ నడుస్తున్నాయి కాబట్టి దాన్ని తేలిగ్గా చూడొద్దని మనవి.

ముందు షీటు సంగతి చెప్తాను. బజారులో దొరికే స్టిక్కర్ షీటు ఏ4 సైజులో ఉంటుంది. మాకు ఎక్కువగా పనికొచ్చేది 24 గళ్ళది. అడ్డంగా మూడు, నిలువుగా ఎనిమిది. ఒక్కో గడి సుమారు 64 మిల్లీమీటర్ల వెడల్పు, 34 మిల్లీమీటర్ల ఎత్తు. పుస్తకాలకు 65 గళ్ళది వాడతాం, దాంట్లో గడి వెడల్పు 38 మిల్లీమీటర్లు, ఎత్తు 21. పైన కాగితం, దాని వెనక జిగురు, జిగురుకు అడుగున సిలికాన్ పూసిన నున్నటి కాగితం. 24 గళ్ళ షీటులో ఏడు లేబుళ్ళు వాడి ఒలిచేశామనుకోండి. పై రెండు వరసలూ, మూడో వరసలో మొదటి గడీ పోతాయి. అక్కడ నున్నటి కాగితం బయటపడుతుంది. ఇంకా 17 గళ్ళు నిక్షేపంగా ఉంటాయి. మర్నాడు ఇరవై పేర్లు వచ్చాయి. మొదటి పేరు ఎనిమిదో గడిలో పడాలి, అంటే మూడో వరసలో రెండోది. పదిహేడు పేర్లతో ఈ షీటు నిండుతుంది. తక్కిన మూడూ కొత్త షీటు మొదటి వరసలో పడాలి. తరవాత ఎవరొచ్చినా నాలుగో గడి నుంచి మొదలు. ఇందులో ఉన్న లెక్క ఇంతే, మూడో తరగతి పిల్లాడు వేళ్ళ మీద చెప్పేస్తాడు.

చాలా ప్రోగ్రాములు మాత్రం ఎప్పుడు నొక్కినా మొదటి గడి దగ్గరికే పోతాయి. వాడిన షీటు పెడితే మొదటి ఏడు పేర్లు నున్నటి కాగితం మీద పడతాయి. సిలికాన్ మీద సిరా ఇంకదు. చిన్న చిన్న బొట్లుగా నిలబడి, రోలర్లకు అంటుకుని, ఆ తరవాత వచ్చే నాలుగు కాగితాలనూ పాడుచేస్తుంది. అందుకని పనివాళ్ళు ప్రతిసారీ కొత్త షీటే పెడతారు. సగం వాడిన షీట్లు సొరుగులో చేరతాయి. ఎండాకాలం వేడికి అంచులు లేచి, జిగురు ఊడి, ఆఖరికి చెత్తబుట్టలోకి పోతాయి. ఆ అడుగు కాగితం సిలికాన్ పూసినది, పాత కాగితాలు కొనేవాళ్ళు కూడా దాన్ని తీసుకోరు.

నన్ను బాగా బాధపెట్టేది పుస్తకాల విషయం. మా వైపు తెలుగు పుస్తకాల బీరువాలు ఎలా పెరుగుతాయో మీరు చూసి ఉండరు. ఒక ఇంట్లో పెద్దాయన కాలం చేస్తారు. పిల్లలు చెన్నైకి సామాను మార్చుకుంటూ ఆయన పుస్తకాలు ఒక సంచీలో వేసుకొచ్చి బడిలోనో, చిన్న పఠనాలయంలోనో ఇచ్చిపోతారు. ఆరో, తొమ్మిదో ఉంటాయి. వాటికి నంబరు వెయ్యాలి, వీపున లేబుల్ అంటించాలి, పట్టికలో ఎక్కించాలి. ఇది జీతం లేని పని. పదవీ విరమణ చేసిన పంతులుగారో, సెలవులకు వచ్చిన డిగ్రీ అమ్మాయో చేస్తారు. ఆరు లేబుళ్ళ కోసం 65 గళ్ళ షీటు పాడుచెయ్యడానికి వాళ్ళకు చేతులు రావు. "ఇంకొన్ని పుస్తకాలు రానీండి, అన్నీ కలిపి ఒకేసారి తీద్దాం" అంటారు. ఆ సంచీ మూలన పడుతుంది. లేబుల్ లేని పుస్తకం బీరువాలోకి చేరదు, బీరువాలో లేని పుస్తకం ఏ పిల్లవాడి చేతికీ అందదు. 2006లో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక ఈ జిల్లాలో బడిలో తెలుగు చదువుకునే దారి ఇరుకైంది. ఇప్పుడు తెలుగు చదవాలనుకునే పిల్లవాడికి ఆ బీరువాయే దిక్కు. అందుకే సంచీలోనే ఆగిపోయిన ఆ ఆరు పుస్తకాలు నాకు చిన్న విషయంగా కనిపించవు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని 1924 నుంచి నడిపిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే జీవి అన్నది వాటిలో చివరిది. పెరిగేది ఏదైనా కొద్దికొద్దిగానే పెరుగుతుంది. ఇరవై నాలుగేసి చొప్పునో, అరవై ఐదేసి చొప్పునో ఎక్కడా పెరగదు. షీటు లెక్క వేరు, పుస్తకాలు వచ్చే లెక్క వేరు. ఈ రెండింటినీ కలపాల్సింది ప్రోగ్రాము.

ఈ చిక్కు మొదట్నుంచీ ఉన్నది కాదు. వెనక జిగురుండి ఒలిచి అంటించే లేబుళ్ళను 1935లో లాస్ ఏంజిలిస్‌లో స్టాంటన్ ఏవరీ అనే యువకుడు వ్యాపారంగా మొదలుపెట్టాడు. కాబోయే భార్య ఇచ్చిన వంద డాలర్లతో, వాషింగ్ మెషీన్ మోటారూ కుట్టుమిషన్ భాగాలూ కలిపి యంత్రం చేసుకున్నాడంటారు. ఆ తరవాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల కాలంలో లేబుళ్ళు రెండు అంచులా చిల్లులున్న పొడుగాటి కాగితం మీద మడతలు మడతలుగా వచ్చేవి. ప్రింటరు ఒక్కో గీతా కొట్టుకుంటూ పోయేది. ఏడు లేబుళ్ళు కావాలంటే ఏడు కొట్టి ఆపేసేవాళ్ళం, ఎనిమిదోది ప్రింటరులోనే రేపటి కోసం ఎదురుచూసేది. ఇంక్‌జెట్, లేజర్ ప్రింటర్లు వచ్చాక కాగితం మొత్తం ఒక పేజీగా లోపలికి పోవడం మొదలైంది. యంత్రం మారింది గానీ ప్రోగ్రాములు రాసేవాళ్ళు మాత్రం షీటు ఎప్పుడూ కొత్తగా, నిండుగా ఉంటుందనే లెక్కలో ఉండిపోయారు. వేల ఉత్తరాలు పంపే పెద్ద కంపెనీకి ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే ఆఖరి షీటులో నాలుగు గళ్ళు మిగిలితే వాళ్ళకు పోయేదేమీ లేదు.

రోల్ లేబుల్ ప్రింటరు కొనుక్కోవచ్చు కదా అని మీలో కొందరు అంటారు. రోజంతా పార్సిళ్ళు కట్టే కొట్టుకు అది మంచిదే. కానీ వేడితో నలుపెక్కే థర్మల్ కాగితం ఎండకు వెలిసిపోతుంది, కిటికీ పక్కన బీరువాలో ఉన్న పుస్తకం వీపున అది నిలవదు. రిబ్బన్ వాడే రకం నిలుస్తుంది, కాకపోతే నెలకు పాతిక లేబుళ్ళ కోసం ఒక పఠనాలయం అంత డబ్బు పెట్టలేదు.

ఇంతకాలం మేం ఎలా నెట్టుకొస్తున్నామో కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు రాయాల్సింది ఏమిటో అందులోనే ఉంది. వర్డ్‌లో ఒక్క లేబుల్ కావాలంటే వరస నంబరూ, నిలువు వరస నంబరూ చెప్పి సరిగ్గా ఆ గడిలోనే కొట్టొచ్చు. కానీ జాబితా నుంచి మెయిల్ మెర్జ్ చేస్తే మళ్ళీ మొదటి గడే. అందుకని ఎక్సెల్ జాబితా పైన ఏడు ఖాళీ వరసలు చేర్చి ఏమారుస్తాం. ఈ ఉపాయం అందరికీ తెలుసు, దీనివల్ల జరిగే నష్టం మాత్రం కొందరికే తెలుసు. పోస్టులో కట్టలు కట్టేందుకు జాబితాను పిన్‌కోడ్ వారీగా సర్దగానే ఖాళీ వరసలన్నీ అడుక్కు జారిపోతాయి, అసలు చిరునామాలు పైకొచ్చి నున్నటి కాగితం మీద పడతాయి. ఆ ఖాళీలు తీసెయ్యడం మరిచిపోతే వచ్చే నెల చందాదారుల లెక్క తప్పుతుంది. అసలు సమాచారంలో లేనిదాన్ని షీటు కోసం సమాచారంలోకి దూర్చడం నాకు ఎప్పుడూ మనస్కరించలేదు. షీటులో ఎన్ని గళ్ళు మిగిలాయన్నది షీటు సంగతి, దానికీ చందాదారుల పట్టికకూ సంబంధం ఉండకూడదు.

యాక్సెస్‌లో ఈ పని శుభ్రంగా చెయ్యొచ్చు. రిపోర్టులో ఒక్కో గడి ప్రింటయ్యే క్షణాన మూడు సంగతులు విడివిడిగా మన చేతిలో ఉంటాయి. తరవాతి గడికి జరగాలా అనేది మూవ్ లేఅవుట్, ఈ గడిలో అచ్చు వెయ్యాలా అనేది ప్రింట్ సెక్షన్, జాబితాలో తరవాతి పేరుకు వెళ్ళాలా అనేది నెక్స్ట్ రికార్డ్. వాడేసిన ఏడు గళ్ళ వరకు జరగమని, అచ్చు వెయ్యొద్దని, పేరు మార్చొద్దని చెప్తే చాలు. ఎనిమిదో గడికి వచ్చేసరికి మొదటి పేరు చెక్కుచెదరకుండా సిద్ధంగా ఉంటుంది. పట్టికను ముట్టుకునే పనే లేదు. గడి వేరు, పేరు వేరు, రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగగలవు అన్న ఈ ఆలోచన చాలా గొప్పది. పది గీతల కోడు కూడా పట్టదు. అయినా అది ప్రతి చిన్న షాపువాడూ సొంతంగా కనుక్కోవాల్సిన రహస్యంలా ఎందుకు మిగిలిపోయింది?

అడగడం తెలిసిన ప్రోగ్రాములు లేకపోలేదు. లినక్స్‌లో దొరికే జీలేబుల్స్ ఉచితం. జాబితాను దానికి కలిపి ప్రింట్ చేసేటప్పుడు ఎన్నో లేబుల్ నుంచి మొదలుపెట్టాలో చెప్పే చోటుంది. గ్రంథాలయాల కోసం పుట్టిన కోహాలోనూ లేబుళ్ళ విభాగంలో మొదలయ్యే గడి నంబరు ఇవ్వొచ్చు. కోహా ఎక్కడ పుట్టిందో గుర్తుచేస్తాను. న్యూజీలాండ్‌లో లెవిన్ అనే చిన్న పట్నం చుట్టూ ఉన్న హోరోవెనువా గ్రంథాలయ ట్రస్టు తన పాత కంప్యూటర్ వ్యవస్థ 2000 సంవత్సరం దాటదని తెలిసి, 1999లో ఒక చిన్న కంపెనీ చేత కొత్తది రాయించుకుంది. 2000 జనవరి నుంచి వాడుతూ, దాన్ని లోకమంతటికీ ఉచితంగా వదిలేసింది. చిన్న ఊరి అవసరం నుంచి పుట్టింది కాబట్టే అది చిన్న ఊళ్ళకు పనికొస్తోందని నా నమ్మకం.

మీ నుంచి నేను కోరేది దానికన్నా ఒక మెట్టు ఎక్కువ. మొదలయ్యే నంబరొక్కటే చాలదు. బడిలో పిల్లలకు షీటిస్తే ఒకరు పైనుంచి ఒలుస్తారు, ఇంకొకరు మధ్యలోంచి. ఖాళీలు వరసగా ఉండవు. అందుకని తెర మీద షీటు బొమ్మే చూపించండి, 24 గళ్ళూ కనపడాలి. వాడేసినవాటి మీద వేలు పెడితే అవి నల్లబడాలి. మిగిలిన గళ్ళలోనే పేర్లు వరసగా పడాలి. ప్రింటయ్యాక ఈ షీటులో ఏవి మిగిలాయో ప్రోగ్రాము గుర్తుపెట్టుకుని, మర్నాడు తెరిచినప్పుడు అదే బొమ్మ చూపించాలి. కింది వరస నుంచి పైకి నింపే వీలు కూడా ఉంచండి. పై వరస ఒలిచేసిన షీటును రోలరు సరిగా పట్టదు. కింది నుంచి వాడుకుంటూ వస్తే ముందు లోపలికి పోయే అంచు చివరిదాకా నిండుగా ఉంటుంది. ఇప్పటికే పైన ఒలిచేసి ఉంటే షీటును తిప్పి పెట్టుకుంటాం, అప్పుడు అచ్చు కూడా తలకిందులుగా తిరిగి రావాలి. మామూలు తెల్లకాగితం మీద గళ్ళ గీతలతో ఒక నమూనా కొట్టుకునే బటన్ ఉంటే, దాన్ని స్టిక్కర్ షీటు వెనక పెట్టి వెలుతురులో చూసుకుని, పక్కకు పోయిందో లేదో ముందే తెలుసుకుంటాం. ప్రతి ప్రింటరూ ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో లాగుతుంది. ఆ తేడా ఒకసారి సరిచేసి దాచుకునే చోటు కూడా కావాలి.

ఒక హెచ్చరిక మీ ప్రోగ్రామే చెయ్యాలి. వాడిన షీటును లేజర్ ప్రింటరులో పెట్టకూడదు. లేజర్ ప్రింటరులో టోనరు పొడిని కాగితానికి అంటించే ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. ఒకసారి ఆ వేడి తిన్న జిగురు మెత్తబడుతుంది, ఒలిచిన చోటు పక్క లేబుల్ అంచు లేస్తుంది, రెండోసారి వెళ్ళినప్పుడు అది ఊడి రోలరుకు చుట్టుకుందంటే బాగుచేయించే ఖర్చుకు వంద షీట్లొస్తాయి. అడుగు కాగితం బయటపడ్డ షీట్లు వాడొద్దని ప్రింటరు కంపెనీలే తమ పుస్తకాల్లో రాస్తాయి. కాబట్టి సగం షీటు ఇంక్‌జెట్‌కే, అదీ నీళ్ళకు చెదరని పిగ్మెంట్ సిరా ఉన్నదానికే. లేజర్ ఒక్కటే ఉన్నచోట మిగిలిన గళ్ళను ఖాళీగా వదలకుండా ముందు రాబోయే పుస్తకాల నంబర్లతోనో, బడి చిరునామాతోనో అప్పుడే నింపేసే వీలివ్వండి.

తెలుగు అక్షరం సంగతి కూడా ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తు చూసుకుని గీసిన లేబుల్‌లో గీతకూ గీతకూ మధ్య దూరం బిగించి పెడతారు. అందులో పళ్ళిపట్టు అని కొడితే రెండు వత్తులూ కోసుకుపోతాయి. తిరువళ్ళూరుకూ అదే గతి. చిరునామా చదవాల్సిన పోస్టుమేన్‌కు ఊరి పేరు సగమే కనిపిస్తుంది. గీతల మధ్య దూరాన్ని అక్షరమే నిర్ణయించేలా వదిలెయ్యండి. గడిలో పట్టకపోతే అక్షరం సైజు తగ్గించండి గానీ వత్తును మాత్రం కొయ్యకండి.

చిరునామాల పట్టిక విషయంలో మా ప్రాంతం చరిత్ర కొంచెం తెలిసి ఉంటే మంచిది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉంది. ఆ రోజు నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసి చెంగల్పట్టు జిల్లాకు వచ్చింది. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. అదే 1960లో సత్యవేడు అటు చిత్తూరు జిల్లాకు వెళ్ళింది, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. ఇల్లు కదల్లేదు, జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. పాత చందా పుస్తకాల నుంచి ఎక్కించిన జాబితాల్లో ఈ పేర్లన్నీ కలగలిసి ఉంటాయి. జిల్లా పేరును చిరునామా గీతలో కలిపి రాయించకుండా పట్టికలో విడిగా ఒక నిలువు వరసలో ఉంచితే, పిన్‌కోడ్ చూసి ఒకేసారి సరిచేసుకోవచ్చు. తిరుత్తణికి 631209, తిరువళ్ళూరుకు 602001, రాష్ట్ర సరిహద్దు దాటి అటు నగరి, సత్యవేడు వైపు అన్నీ 517తో మొదలవుతాయి. లేబుళ్ళు ఆ వరసలో వస్తే కట్టలు కట్టే పని సగమవుతుంది. సరిహద్దుకు రెండువైపులా చుట్టాలున్న మాకు ప్రతి పెళ్ళిలోనూ ఇది అవసరమే.

ఈ పని ఎవరు చేస్తారు, ఎవరు డబ్బిస్తారు అని మీరు అడగొచ్చు. జీలేబుల్స్, కోహా రెండూ మూలం కోడుతో సహా తెరిచి పెట్టినవే. మీలో ఒకరిద్దరు కొన్ని శనివారాలు వెచ్చిస్తే ఆ గళ్ళ బొమ్మ వాటికే చేర్చొచ్చు. లేదా మీరు జీతానికి రాస్తున్న ప్రోగ్రాములోనే, రేపు ఆ లేబుళ్ళ పేజీ తెరిచినప్పుడు, ఏ గడి నుంచి అని అడిగే ఒక పెట్టె చేర్చండి. మీ మేనేజరు ఎందుకని అడిగితే ఈ ఉత్తరం చూపించండి.

పరీక్షించే పని నాకు వదిలెయ్యండి. 24 గళ్ళవీ, 65 గళ్ళవీ సగం వాడిన షీట్లు నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి, ఇంక్‌జెట్ ఉంది, తమిళంలోనూ తెలుగులోనూ ఉన్న అసలైన జాబితాలున్నాయి. పేర్లు మార్చి వాడతాను. మీరు రాసింది ఏ గడిలో ఎన్ని మిల్లీమీటర్లు పక్కకు పోయిందో, ఏ వత్తు తెగిందో స్కేలు పెట్టి కొలిచి, షీటు స్కాన్ తీసి మీకు పంపిస్తాను.

ఇట్లు,
తిరుత్తణి నుంచి ఒక డి.టి.పి. పనివాడు